ఇన్‌స్పెక్టరు గారి కాలు కదిలిన వైనం

నగర పాలక మండలి వారు తమ నూట పన్నెండవ తీర్మానం ద్వారా ప్రజలకు తెలియజేసినది ఏమనగా, ఇకమీదట టౌన్ హాల్లో ప్రోగ్రెసివ్ రాక్ తప్ప మరే రకం రాక్ సంగీతమూ వాయించరాదు. హార్డ్ రాక్, హెవీ మెటల్, సైకడెలిక్ రాక్, జాజ్ రాక్, ఫోక్ రాక్, ఆర్ట్ రాక్ మొదలైనవన్నీ ఫైర్ స్టేషన్ వెనక ఖాళీ మైదానంలో, బృందానికి తొమ్మిది నిమిషాల చొప్పున వాయించుకోవలెను. ప్రజలు వాటిని నిలబడి వినవలెను.

ఈ తీర్మానానికి సంగీతంతో ఏ సంబంధమూ లేదు. కుర్చీలతో ఉంది. హాల్లో ఆరువందల నలభై మెత్తటి కుర్చీలున్నాయి. కిందటేడు ఒక హెవీ మెటల్ బృందం వచ్చి వెళ్ళాక వాటిలో నలభై ఒకటి కుర్చీలుగా మిగలలేదు. శ్రోతలు ఉత్సాహం పట్టలేక వాటి మీదెక్కి గెంతారని విచారణలో తేలింది. అంతకు ముందు నెల అదే హాల్లో ప్రోగ్రెసివ్ రాక్ కచేరీ జరిగినప్పుడు మాత్రం ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదని హాలు వాచ్‌మన్ వాంగ్మూలం ఇచ్చాడు. మూడు గంటల సేపు ఎవరూ కదల్లేదట. చివర్లో ఇద్దరిని తట్టి లేపవలసి వచ్చిందట. ఇంత క్రమశిక్షణ గల సంగీతాన్ని ప్రోత్సహించడం తన కనీస ధర్మమని మండలి గుర్తించింది.

తీర్మానం వెలువడిన వారంలోపే ఊళ్ళో ఉన్న డెబ్భై మూడు బృందాలూ ప్రోగ్రెసివ్ అయిపోయాయి. కుర్చీలు విరగ్గొట్టించిన హెవీ మెటల్ వాళ్ళే అందరికంటే ముందు దరఖాస్తు పెట్టుకున్నారు. తమలో ఒకడు ఈమధ్య ఫ్లూటు కొన్నాడని అందులో రాశారు. ఫోక్ రాక్ వాళ్ళు తమ పాత పాటలనే నాలుగేసి చొప్పున మధ్యలో ఆపకుండా పాడి, ఇది ఒకటే పాట అన్నారు. కాబట్టి ఏది ప్రోగ్రెసివ్, ఏది కాదు అని తేల్చే మనిషి ఒకడు కావలసి వచ్చాడు. సాంస్కృతిక శాఖ తనకు తీరిక లేదంది. విద్యా శాఖ అది తన పాఠ్యప్రణాళికలో లేదంది. చివరికి ఎవరో ఒక గుమాస్తా, ప్రోగ్రెసివ్ రాక్ పాటలు మిగతా వాటికంటే పొడుగ్గా ఉంటాయని ఎక్కడో విన్నానన్నాడు. పొడుగు సంగతి కాబట్టి ఫైలు నేరుగా తూనికలు కొలతల శాఖకు వెళ్ళింది.

ఆ శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఇన్‌స్పెక్టరును కొట్ల వాళ్ళు గ్రాము గారు అంటారు. ఎదురుగా కూడా అంటారు, ఆయనేమీ అనుకోడు. కాటా పరీక్షించేటప్పుడు ఊపిరి బిగబట్టుకునే మనిషి ఆయన. ఊపిరి గాలికి ముల్లు కదులుతుందేమోనని. పెళ్ళయిన నెలకే మామగారి బట్టల కొట్లో మీటరు బద్ద కొస అరిగి ఉందని కేసు రాశాడు. మామగారు జరిమానా కట్టి, ఆ తర్వాత రెండేళ్ళు అల్లుడి ఇంటి గుమ్మం తొక్కలేదు. గ్రాము గారు దానికి బాధపడ్డాడు గానీ బద్ద మాత్రం బద్దే కదా అనుకున్నాడు. సంగీతం సంగతికొస్తే ఆయనకు ఏమీ తెలియదు. ఆ కారణంగా ఆయన నిష్పక్షపాతి అని శాఖ ధ్రువీకరించింది.

ఆయనకు ఒక స్టాప్‌వాచి, ఒక పెన్సిలు, పద్నాలుగు-గ అనే ఫారం ఇచ్చారు. ఫారం తయారుచేసినది ముగ్గురు సభ్యుల సంగీత వర్గీకరణ సంఘం. అధ్యక్షుడు నీళ్ళ సరఫరా శాఖలో రిటైరైన పెద్ద ఇంజనీరు. రెండో సభ్యుడు లెక్కల లెక్చరరు. మూడో ఆయన కుర్చీలకు మెత్తలు కుట్టించే కంట్రాక్టరు; కుర్చీల తరఫున మాట్లాడడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఆయనను వేశారు. ఈ ముగ్గురూ నాలుగు నెలలు శ్రమించి, అర్ధశతాబ్దంగా సంగీత విమర్శకులు కొట్టుకు చస్తున్న విషయాన్ని ఒకటిన్నర పేజీలో తేల్చి పారేశారు.

ఫారం ప్రకారం పాట పన్నెండు నిమిషాలకు తక్కువైతే హార్డ్ రాక్. పల్లవి రెండోసారి తిరిగొస్తే జనం గొంతు కలిపే ప్రమాదం ఉంది కాబట్టి ఫోక్ రాక్. వాద్యకారులు వాయిస్తూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటే జాజ్ రాక్. శ్రోత కళ్ళు మూసుకుంటే సైకడెలిక్, మెడ ఊపితే మెటల్, పాట అయిపోయిందో లేదో తెలియక పక్కవాడి మొహం చూస్తే ఆర్ట్ రాక్. ప్రోగ్రెసివ్ అనిపించుకోవాలంటే తాళం నాలుగు లెక్కలో ఉండకూడదు. ఐదో, ఏడో, పదమూడో అయి ఉండాలి, మధ్యలో మారితే మరీ మంచిది. విషయం గ్రహాల గురించి గానీ, కూలిపోయిన రాజ్యాల గురించి గానీ, కాలం గురించి గానీ ఉండాలి. ఇక చివరిది, ఎర్ర సిరాతో అచ్చయినది: శ్రోత కాలు కదలరాదు. కాలు కదిలిన చోట కుర్చీకి భరోసా లేదు.

గ్రాము గారు ఉద్యోగంలో దిగిన మొదటి వారమే పదకొండు నిమిషాల యాభై సెకన్ల పాట ఒకటి వాయించిన బృందాన్ని తిప్పి పంపాడు. వాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా పది సెకన్లు ఎక్కణ్ణుంచి తెచ్చివ్వగలడు. ఒక గిటారు మనిషి పొడుగాటి కళ్ళాపి రంగు అంగీ వేసుకుని పొగ మిషను పెట్టుకొచ్చాడు. పొగ పోయాక చూస్తే నాలుగు లెక్కే. ఇంకో బృందం రావడంతోనే గిటార్లకు శ్రుతి సరిచేసుకోవడం మొదలుపెట్టింది. ఒకడి తీగ తెగింది, ఇంకొకడి స్పీకరు పెట్టెలోంచి గుర్రుమని శబ్దం వచ్చింది, డ్రమ్ముల వాడు అప్పుడప్పుడు ఒక దెబ్బ వేసి ఊరుకున్నాడు. గ్రాము గారు స్టాప్‌వాచి నొక్కి పద్ధతిగా రాసుకున్నాడు. పద్నాలుగు నిమిషాలు, పల్లవి లేదు, తాళం లెక్కకు అందలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ నవ్వలేదు, కాలు నిశ్చలం. తర్వాత వాళ్ళు వాయించిన అసలు పాట మూడు నిమిషాలకే అయిపోయింది కాబట్టి దాన్ని కొట్టేశాడు. శ్రుతి సరిచేసుకోవడానికి ప్రథమ శ్రేణి సర్టిఫికెట్ వచ్చింది. ఆ బృందం దాన్నే హాల్లో ఆరు ఆదివారాలు వాయించి మంచి పేరు తెచ్చుకుంది.

ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. ఇబ్బంది అంతా బావగారితో వచ్చింది.

గ్రాము గారి అక్క మొగుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. అక్క బట్టలు కుడుతుంది. ఒకే దుకాణం: ముందు గదిలో ఆవిడ మిషను, వెనక గదిలో ఈయన విప్పదీసి పెట్టిన మిషన్లు, వాటి మధ్య ఒక పాత ఆర్గన్. ఆ ఆర్గన్ మీద బావ పంతొమ్మిదేళ్ళుగా ఒకే పాట కడుతున్నాడు. ఐదు భాగాలు, ముప్పై ఎనిమిది నిమిషాలు. పేరు ‘నిద్రపట్టని ఇల్లు’. ఆయన బృందంలో బస్సు డ్రైవరు డ్రమ్ములు, పళ్ళ డాక్టరు గిటారు, బళ్ళో డ్రాయింగు నేర్పే టీచరమ్మ బేస్ గిటారు వాయిస్తారు. ఇంతకాలం బావకు తొందరేమీ లేదు. ఈ ఏడు మాత్రం ఆయన వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి అక్కను పిలుస్తున్నాడు. చలికాలం దాటితే ఆర్గన్ మీద ఈ వేళ్ళు నడవవని డాక్టరు తేల్చి చెప్పాడు. మైదానంలో తొమ్మిది నిమిషాల్లో ముప్పై ఎనిమిది నిమిషాల పాట పట్టదు. కాబట్టి ఆ పాట ఊరు వినాలంటే హాలే దిక్కు, హాలు కావాలంటే సర్టిఫికెట్టు కావాలి, సర్టిఫికెట్టు ఇవ్వవలసింది బావమరిది.

పరీక్షకు ముందురోజు సాయంత్రం గ్రాము గారు టీ తాగడానికి వెళ్ళి, మాటల్లో పెట్టి అడిగాడు.

“బావా, అసలు ఈ ప్రోగ్రెసివ్ అంటే ఏంటో మీరు చెప్పండి. ఫారంలో ఉన్నది కాదు.”

బావ వేళ్ళకు మిషను నూనె రాసుకుంటూ చెప్పాడు.

“మామూలు రాక్ పాట వీధి చివరి దాకా వెళ్ళి ఇంటికొచ్చేస్తుంది. పల్లవి దగ్గరికి. అదీ మంచిదే, అందులో తప్పేం లేదు. మాది అలా బయల్దేరి, ఈ సందులో ఏముందో చూద్దాం, ఆ మలుపు తిరిగితే ఏం వస్తుందో చూద్దాం అనుకుంటూ పోతుంది. ఎక్కడ ఏం కనిపిస్తే అది పట్టుకుంటుంది. పాతకాలం పెద్ద సంగీతం కనిపిస్తే అదీ, జాజ్ కనిపిస్తే అదీ. కానీ కింద డ్రమ్ములు వదలకూడదు. వదిలిందా, ఇక రాక్ కాదు, ఉపన్యాసమే.”

“మరి ఏడు లెక్క?”

“ఏడు వెయ్యడం గొప్పేం కాదయ్యా. ఎవడైనా వేస్తాడు. వినేవాడికి అది ఏడని తెలియకుండా నడిపించాలి. ఎక్కడో కుంటుతోందని అనిపించకుండా. అది కష్టం.”

గ్రాము గారు ఇదంతా శ్రద్ధగా విన్నాడు. ఫారంలో దీనికి గడి లేదు.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం వెనక గదిలో పరీక్ష జరిగింది. గ్రాము గారు ముక్కాలి పీట మీద కూర్చుని, ఎడమ చేత స్టాప్‌వాచి, కుడి చేత పెన్సిలు పట్టుకున్నాడు. చుట్టరికం సంగతి ఫారం మొదటి వరసలోనే రాశాడు, విషయం గడిలో ‘కాలం’ అని రాశాడు. మొదటి భాగం తొమ్మిది నిమిషాలు. గంభీరంగా ఉంది, కాలు నిశ్చలం. రెండోది ఐదు లెక్కలో మొదలై పదకొండుకు మారింది. నుదురు ముడిపడింది, మంచి లక్షణం. బస్సు డ్రైవరు ఎక్కడా నవ్వలేదు. పళ్ళ డాక్టరు సరేసరి, ఆయన మామూలుగానే నవ్వడు. గ్రాము గారు లోలోపల సంతోషించాడు. బావకు తన చేతుల మీదుగా న్యాయంగానే సర్టిఫికెట్టు అందేటట్టుంది.

అప్పుడు మూడో భాగం వచ్చింది.

దాని సంగతి కొంచెం చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట అక్క ఎనిమిది నెలలు మంచాన పడింది. మిషను చప్పుడు లేకపోతే ఆవిడకు పగలూ రాత్రీ నిద్ర పట్టేది కాదు, చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పెరిగిన మనిషి. బావ తన పని మానేసి, ఆవిడ మంచం పక్కన మిషను వేసుకుని, గుడ్డ లేకుండా, దారం లేకుండా ఊరికే తొక్కుతూ కూర్చునేవాడు. ఆ మిషను చక్రం ఒకచోట అరిగి ఉంది. ఆరు అడుగులు నడిచి ఏడో అడుగు చిన్నగా జారేది. ఇన్ని మిషన్లు బాగుచేసిన మనిషి దాన్ని మాత్రం బాగుచెయ్యలేదు, ఆ జారుడుకే ఆవిడ కన్ను మూతపడేదని. మూడో భాగం ఆ చప్పుడు మీద కట్టిందే.

గ్రాము గారు ఆ ఎనిమిది నెలలూ ఆ ఇంటికి మందులు మోసిన మనిషి. ఆర్గన్ ఎత్తుకోగానే ఆయనకు ఏం వింటున్నాడో తెలియలేదు, విన్నది మాత్రం తెలిసినట్టే ఉంది. డ్రమ్ములు వచ్చి చేరాయి. కొంతసేపటికి కిందికి చూస్తే తన కుడి కాలు కదులుతోంది. ఎవరిదో కాలును చూసినట్టు చూశాడు. ఆపడానికి దాని మీద ఎడమ కాలు పెట్టాడు. రెండూ కదిలాయి. పెన్సిలు కింద పడింది. స్టాప్‌వాచి ఆపడం మరిచిపోయాడు, ఎన్నో కాటాల ముందు బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలాడు, కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు వెతుక్కున్నాడు. ఆ భాగం ఆరు నిమిషాల పది సెకన్లని బస్సు డ్రైవరు చెబితే రాసుకున్నాడు. టైము విషయంలో బస్సు డ్రైవరు మాట చెల్లుతుందని నిబంధనల్లో ఉంది.

నాలుగో భాగం, ఐదో భాగం ఏ లోపమూ లేకుండా నడిచాయి. ఆఖర్న గ్రాము గారు ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశాడు: ‘మూడవ భాగమున శ్రోత కాళ్ళు రెండును కదిలినవి. ఎన్ని పర్యాయములు: లెక్కించలేదు.’ ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన ‘లెక్కించలేదు’ అని రాయడం అదే మొదలు.

అక్క ముందు గదిలోంచి వచ్చి ఆ ఫారం చదివింది.

“ఒరేయ్, బుద్ధి ఉందా నీకు? గదిలో ఉన్నది మీరే కదా. బయటి వాడు ఎవడున్నాడు చూడ్డానికి?”

“నేనున్నాను కదక్కా.”

“నువ్వు ఉంటే? కదల్లేదని రాస్తే చెయ్యి పడిపోతుందా? ఆయన వేళ్ళు చూశావా అసలు?”

“చూశాను.”

“చూసి కూడా?”

గ్రాము గారు అక్క చేతిలోంచి ఫారం తీసుకుని మడిచాడు. మామగారి బద్దకు లేని మినహాయింపు బావగారి పాటకు ఎలా ఇస్తాడు. ఇవ్వాలని మాత్రం ఆయనకు గుండె నిండా ఉంది.

బావ ఆర్గన్ ముందునుంచి లేవకుండా అడిగాడు. “నిజంగా కదిలిందా?”

“కదిలింది బావా.”

“ముందు ఏ కాలు?”

“కుడిది. తర్వాత రెండూ.”

“ఏడు లెక్కకి?”

“అది ఏడని నాకు తెలియనే లేదు.”

 బావ అక్కను టీ పెట్టమన్నాడు, తను మాత్రం ఆ రోజంతా సర్టిఫికెట్టు వచ్చినవాడి కంటే హుషారుగా ఉన్నాడు.

కేసు సంఘం ముందుకు వెళ్ళింది. లెక్కల లెక్చరరు నల్లబల్ల తెప్పించి విషయాన్ని నిరూపించాడు. మనిషికి కాళ్ళు రెండు. ఏడును రెండుతో భాగిస్తే శేషం మిగులుతుంది. కాబట్టి ఏడు లెక్కకు కాలు కదలడం గణితరీత్యా అసంభవం. కదిలింది కాబట్టి అది ఏడు కాదు, నాలుగు. నాలుగు కాబట్టి ప్రోగ్రెసివ్ కాదు, పొడుగు ఆరు నిమిషాలే కాబట్టి హార్డ్ రాక్. గ్రాము గారు లేచి, తర్వాత జాగ్రత్తగా లెక్కపెట్టుకున్నాననీ, అది ఏడేననీ విన్నవించాడు. కాలు ఇచ్చే సాక్ష్యం లెక్కల్లో చెల్లదని లెక్చరరు సుద్దముక్క పక్కన పెట్టాడు. కుర్చీల కంట్రాక్టరు వేరే లెక్క చెప్పాడు. ఇంత కట్టుదిట్టమైన అధికారివే రెండు కాళ్ళు కదిలితే, హాలు నిండితే పన్నెండువందల ఎనభై కాళ్ళ మాటేమిటి అన్నాడు. 

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఉపన్యాసం మినిట్స్ పుస్తకంలో యథాతథంగా ఉంది.

“మిత్రులారా, ఒక సంగీతం బాగుండటం నేరమని ఈ సంఘం ఏనాడూ అనలేదు. బాగున్న సంగీతం ఎక్కడైనా బతుకుతుంది, దానికి మైదానం చాలు. మన హాలు, మన కుర్చీలు, మన పన్నుల సొమ్ము ఎవరికోసం? దానంతట అది ఎవరికీ నచ్చనటువంటి, గౌరవంతో మాత్రమే వినదగినటువంటి సంగీతం కోసం. దానికి మనం తప్ప దిక్కు లేదు. ఈ దరఖాస్తుదారు నాలుగు భాగాల్లో ఆ స్థాయిని అందుకున్నారు. ఆయన్ని అభినందిస్తున్నాను. మూడో భాగంలో మాత్రం ఆయన జారిపోయారు. మానవమాత్రులం, అందరం జారుతాం.”

తీర్పు దయగానే వచ్చింది. మూడో భాగం తీసేస్తే మిగతా పాటకు సర్టిఫికెట్టు. తీసెయ్యడం ఇష్టం లేకపోతే ఆ ఆరు నిమిషాల పది సెకన్లు మైదానంలో హార్డ్ రాక్ కింద వాయించుకోవచ్చు, మిగతాది మానుకోవాలి. ఒకే బృందం హాలుదీ మైదానందీ రెండు రిజిస్టర్లలో ఉండటానికి మాత్రం వీల్లేదు. వారంలోగా రాసివ్వాలి.

ఆ వారం బావ నూనె సీసా ముట్టుకోలేదు. ఒక పూట హాలు అనేవాడు, ఇంకో పూట మైదానం అనేవాడు. గ్రాము గారు రోజూ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడేవాడు. అక్క ఆయనతో మాట్లాడకుండా టీ మాత్రం పెట్టి ఇచ్చేది. ఆఖరి రోజున ఆవిడ కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి భర్త ఎదురుగా వచ్చి కూర్చుంది.

“హాలుకే వెళ్ళండి.”

“దాన్ని తీసేసా?”

“అది నాకోసం కట్టింది. నేను విన్నాను. పన్నెండేళ్ళుగా వింటూనే ఉన్నా. మిగతాది ఊరు వినాలి, మీ వేళ్ళు ఉండగా.”

 బావ కాగితం తీసుకున్నాడు. వేళ్ళు సహకరించక, ‘అంగీకరిస్తున్నాను’ అన్న మాట అక్క చేత రాయించి కింద వంకరగా సంతకం చేశాడు. గ్రాము గారికి దుఃఖం పొంగుకొచ్చింది. ఒక్క అక్షరం మార్చి రాసి ఉంటే సరిపోయేది కదా అని జీవితంలో మొదటిసారి అనిపించింది. అనిపించినంత మాత్రాన ఆయన కాగితానికి ముద్ర వెయ్యకుండా ఉండలేదు.

కచేరీ రోజు హాలు నిండిపోయింది. డాక్టర్లు, లాయర్లు, ప్రిన్సిపాళ్ళు, మండలి సభ్యులు సకుటుంబంగా వచ్చారు. అందరి చేతికీ అచ్చేసిన కార్యక్రమం ఇచ్చారు. అందులో ‘ఒకటో భాగం, రెండో భాగం, నాలుగో భాగం, ఐదో భాగం’ అని ఉంది. సర్టిఫికెట్టులో ఉన్న అంకెలు మార్చాలంటే మళ్ళీ పరీక్ష జరగాలి కాబట్టి అలాగే అచ్చేశారు. ఆరువందల నలభై మంది దాన్ని చదివారు, మడిచి జేబుల్లో, చేతిసంచుల్లో పెట్టుకున్నారు. ఏదో తక్కువైనట్టుందని ఒక్కరూ అనలేదు. పక్కవాడికి తెలిసిందేమో, తనకే తెలియదేమో అని ఎవరి మర్యాద వాళ్ళు కాపాడుకున్నారు.

బావ బాగా వాయించాడు. ఐదో భాగంలో చిటికెన వేలు రెండుచోట్ల రాకపోతే బేస్ టీచరమ్మ ఆ స్వరాలు అందుకుని ఎవరికీ తెలియనివ్వలేదు. మధ్యలో రెండో భాగం అయ్యాక ఒక్క క్షణం ఆగి, ముందు వరసలో కూర్చున్న అక్క వైపు చూశాడు. తర్వాత నాలుగోది ఎత్తుకున్నాడు. కుర్చీలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. అయిపోయిందని వాచ్‌మన్ దీపాలు వేశాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సంఘం అధ్యక్షుడు వేదికెక్కి శాలువా కప్పాడు. మైకు అందుకుని, “ఈ రచనలో అన్ని భాగాలూ ఆణిముత్యాలే. అయినా నన్ను అడిగితే మూడో భాగంలోని లోతు అనితర సాధ్యం. అది వింటున్నప్పుడు నాకు నా బాల్యం గుర్తొచ్చింది” అన్నాడు. చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి.  అక్క తల వంచుకుని కార్యక్రమం కాగితాన్ని చూస్తోంది.

పక్కరోజు పేపర్లో విమర్శకుడు ఒకాయన మూడో భాగం గురించి రెండు కాలమ్‌లు రాశాడు. అది ప్రోగ్రెసివ్ అనడానికి వీల్లేదనీ, అచ్చంగా ఆర్ట్ రాక్ అనీ వారం తర్వాత ఇంకొకాయన ఖండించాడు. మూడో ఆయన అందులో సైకడెలిక్ ఛాయలున్నాయన్నాడు. ఆ ఛాయలు కనపడని వాళ్ళ మీద జాలిపడ్డాడు. కాలేజీలో దాని మీద చర్చాగోష్ఠి పెట్టారు. లెక్కల లెక్చరరు అధ్యక్షత వహించి, మూడో భాగం పదమూడు లెక్కలో ఉందని నల్లబల్ల మీద నిరూపించాడు.

గ్రాము గారు ఆ గోష్ఠికి వెళ్ళాడు. అందరూ మాట్లాడాక లేచి, “ఆ రోజు మూడో భాగం వాయించలేదండి. తీసేయమని తీర్పు ఇచ్చింది మీరే. నా దగ్గర కాగితం ఉంది” అన్నాడు. సభలో అందరూ తిరిగి చూశారు. లెక్చరరు చిరునవ్వుతో, ఈయన అనుభవజ్ఞుడైన అధికారే గానీ సంగీతం వింటూ కాలు కదిపిన చరిత్ర ఉందనీ, ఆయన శ్రవణాన్ని సభ అంతగా పట్టించుకోనక్కర్లేదనీ అన్నాడు. సభ హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ నెలాఖరుకి గ్రాము గారిని సంగీతం నుంచి తప్పించి మళ్ళీ కాటాల మీదికి పంపారు.

చలికాలం చివరికొచ్చింది. డాక్టరు చెప్పిన గడువు కంటే పది రోజుల ముందే బావ వేళ్ళు ఆర్గన్ మీద నడవడం మానేశాయి. బస్సు డ్రైవరు, పళ్ళ డాక్టరు, టీచరమ్మ ముగ్గురూ కలిసి ఒక దరఖాస్తు పెట్టారు. మూడో భాగం ఆయన నోట పాడగా విని, వేరే ఆర్గన్ మనిషికి నేర్పించి, ఆయన బతికుండగా ఒక్కసారి హాల్లో వాయించడానికి అనుమతి ఇవ్వండి అని. గ్రాము గారు సాక్షి సంతకం పెట్టాడు. తన ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అంత గట్టిగా నొక్కి పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

సంఘం ఆ దరఖాస్తును సానుభూతితో పరిశీలించి తోసిపుచ్చింది. సదరు మూడో భాగాన్ని ఊరు ఊరంతా వినేసింది కనుక దాన్ని ఇంకోసారి వాయించవలసిన అవసరం కనపడలేదని కారణం రాసింది. బావ ఆ ఉత్తర్వు చదివించుకుని విన్నాడు, మడిచి ఇమ్మన్నాడు, ఆర్గన్ మూత వేయమన్నాడు. మూత అక్క వేసింది.

ఆ రోజు హాల్లో ఉన్న కుర్చీలు ఆరువందల నలభై. తాము ఉన్నామనీ, మూడో భాగం స్వయంగా విన్నామనీ చెప్పుకునేవాళ్ళు ఇప్పటికి నాలుగువేల పైచిలుకు తేలారు. ఇంకా వస్తూనే ఉన్నారు. మీరూ ఉండే ఉంటారు. ఎవరైనా అడిగితే కాస్త కళ్ళు దించుకుని, అలాంటిది మళ్ళీ రాదండీ అంటే చాలు, ఇంకేమీ అడగరు.